కందుల దిగుమతి ఆంక్షలు: అవతలి రేవులో ఏం జరిగింది?

గిట్టుబాటు ధర మీద మనవాళ్ళు చాలా కథలు రాశారు, వ్యాసాలు రాశారు. వాటిలో దిగుమతి సరుకు ఎప్పుడూ ఓ ఓడ రూపంలోనే కనిపిస్తుంది. ఓడ రేవుకి వస్తుంది, బస్తాలు దిగుతాయి, మార్కెట్ యార్డులో ధర పడిపోతుంది, రైతు మునుగుతాడు. ఆ బస్తాల్లోని గింజ కూడా ఎక్కడో ఒక చేలో పండిందేననీ, దాన్ని కోసినవాడికీ అప్పు ఉందనీ, ఆ అప్పు మీద వడ్డీ పెరుగుతోందనీ మన కథ చెప్పదు. ఇది ఒక్క కథకుల లోపమే అయితే ఇంత ప్రస్తావన అక్కర్లేదు. దిగుమతుల గురించిన మన ఆలోచనలోనే ఈ ఖాళీ ఉంది.

"దిగుమతులు ఆపాలి" అన్న కోరిక న్యాయమైనదే. ప్రపంచ వాణిజ్య సంస్థ తీర్పుకి తలవొగ్గి 2001 ఏప్రిల్ 1న మన ప్రభుత్వం దిగుమతుల మీద మిగిలిన పరిమాణపు ఆంక్షల్ని ఎత్తివేసినప్పుడు రైతు సంఘాలు వ్యతిరేకించాయి. సరిగానే వ్యతిరేకించాయి. ఆ వైఖరి నుంచి వెనక్కి పోవటానికి నేనీ వ్యాసం రాయటం లేదు. అయితే ఆంక్ష అనే ఆయుధం ఎవరి చేతిలో ఉంది, ఏ నెలలో తీస్తున్నారు, దెబ్బ ఎవరి మీద పడుతోంది అని చూడకుండా సమర్థిస్తూ పోతే చివరికి మనం ఎవరి పక్షాన తేలతామో మనకే తెలియదు. దీనికి దూరపు ఉదాహరణలు వెతకనక్కర్లేదు. 2017లో మన ప్రభుత్వం పప్పుధాన్యాల మీద పెట్టిన ఆంక్షల్నే తీసుకుందాం.

ముందు ఆ ఆంక్షలు ఎలా వచ్చాయో చూడాలి. 2014లోనూ 2015లోనూ వానలు సరిగా లేవు. 2015-16లో దేశంలో పప్పుధాన్యాల దిగుబడి 1 కోటీ 63 లక్షల టన్నులకి దిగింది. 2015 అక్టోబరు నాటికి చాలా పట్టణాల్లో కందిపప్పు కిలో 200 రూపాయలు పలికింది. ఎన్నికల సభల్లో సైతం పప్పు మాట వచ్చింది. ప్రభుత్వం గోదాములు సోదా చేయించింది, ఆ తర్వాత సముద్రం అవతలికి చూసింది. 2016 జులైలో ప్రధానమంత్రి మొజాంబిక్ వెళ్ళినప్పుడు ఒక ఒప్పందం కుదిరింది: మొదటి ఏడు 1 లక్ష టన్నులతో మొదలుపెట్టి 2020-21 నాటికి ఏడాదికి 2 లక్షల టన్నుల దాకా అక్కడి కందులు తెచ్చుకుంటామని. బర్మా, టాంజానియా, మలావీ రైతులకి ఏ ఒప్పందం లేకపోయినా కబురు ధర రూపంలో చేరింది. కంది వెయ్యండి, హిందూస్థాన్ కొంటుంది అని.

మన రైతుకీ అదే కబురు అందింది. అందరూ కంది వేశారు, వానలూ కలిసొచ్చాయి. 2015-16లో సుమారు 25 లక్షల టన్నులున్న కందుల దిగుబడి 2016-17లో 48 లక్షల టన్నులు దాటింది. అన్ని పప్పుధాన్యాలూ కలిపితే 2 కోట్ల 31 లక్షల టన్నులు. అదే ఏడాది దిగుమతులు 66 లక్షల టన్నులు. అంటే అంతకుముందెన్నడూ పండనంత పంట, అంతకుముందెన్నడూ రానంత దిగుమతి ఒకే ఏడాది వచ్చి పడ్డాయి. పైగా పంట చేతికొచ్చే వేళకి పెద్ద నోట్ల రద్దు మూలంగా యార్డుల్లో నగదు ఆడలేదు. కందికి మద్దతు ధర క్వింటాలుకి 5,050 రూపాయలు. తాండూరు యార్డుకి బస్తాలు తెచ్చిన రైతు, గుల్బర్గా యార్డుకి తెచ్చిన రైతు దానికి చాలా తక్కువకి అమ్ముకుని ఇంటికి పోయారు.

ఆ తర్వాత వచ్చాయి ఆంక్షలు. 2017 మార్చి ఆఖర్లో కందుల మీద 10 శాతం సుంకం వేశారు. ఆగస్టు 5న, ఆర్థిక సంవత్సరంలో 2 లక్షల టన్నులకి మించి కందులు రాకూడదన్నారు. ఆగస్టు 21న మినుములకీ పెసలకీ కలిపి 3 లక్షల టన్నుల హద్దు గీశారు. నవంబరులో ఎండు బఠాణీ మీద 50 శాతం సుంకం, డిసెంబరులో శనగ మీదా మసూరు మీదా 30 శాతం, 2018 మార్చికి శనగ మీద 60 శాతం. వీటిలో "నిషేధం" అన్న మాట లేదు. కోటా నిండాక బస్తా దిగటానికి వీల్లేదు గనక, అంత సుంకం కట్టి తెస్తే వ్యాపారికి గిట్టదు గనక ఫలితం మాత్రం నిషేధమే.

తేదీల్ని కొంచెం గమనించండి. మన కంది యార్డుకి వచ్చేది డిసెంబరు నుంచి మార్చి దాకా. ఆగస్టు నాటికి చిన్న రైతు ఇంట్లో బస్తా ఉండదు. అప్పటికి గోదాముల్లో ఉన్న సరుకు వ్యాపారిది, కొంత ప్రభుత్వానిది. ఆ ఆగస్టులో దిగుమతి ఆపితే విలువ పెరగవలసింది ఆ సరుకుకే. నిజానికి అదీ అంతగా పెరగలేదు. ప్రభుత్వం తానే 20 లక్షల టన్నుల పప్పుధాన్యాల నిలవ పోగుచేసుకుని, దాన్ని వదిలించుకోవటానికి మార్కెట్లోకి పంపుతూ వచ్చింది. మరుసటి పంటకి కంది మద్దతు ధర 5,450 అయింది. యార్డు ధర దానికి దిగువనే ఉండిపోయింది. రైతుని కాపాడటానికి అన్న చర్య రైతుకి ఆలస్యంగానూ, అరకొరగానూ అందింది. ఇంతవరకు మన పత్రికల్లో వచ్చిందే. సముద్రం అవతల ఏం జరిగిందన్నది మాత్రం వాణిజ్య వార్తల పేజీలో రెండు వాక్యాలకి మించలేదు.

*

బర్మా మనకి కొత్త దేశం కాదు. ఉత్తరాంధ్ర పల్లెల్లో పాతకాలం వాళ్ళు దాన్ని "రంగం" అనేవారు. కోరంగి రేవు నుంచి ఓడెక్కి వెళ్ళినవాళ్ళ మూలంగా అక్కడివాళ్ళు మనవాళ్ళని కోరంగీలన్నారు. రంగూను రేవులోనూ బియ్యపు మిల్లుల్లోనూ మూటలు మోసినవాళ్ళలో తెలుగు కూలీలు చాలామంది. ఒకప్పుడు ఇటునుంచి మనుషులు పోయేవారు. తర్వాతి కాలంలో అటునుంచి మినుములూ కందులూ రావటం మొదలైంది.

1988 తర్వాత అక్కడి సైనిక ప్రభుత్వం బియ్యాన్ని తన గుప్పిట్లో ఉంచుకుని, పప్పుధాన్యాల వ్యాపారాన్ని ప్రైవేటు వర్తకులకి వదిలింది. రైతుకి కాస్త స్వేచ్ఛగా అమ్ముకోగలిగిన పంట అదే అయింది. పప్పుధాన్యాల ఎగుమతిలో బర్మా కొద్దికాలంలోనే కెనడా తర్వాతి స్థానానికి వచ్చింది. ఇరావతి డెల్టాలోనూ పెగూ ప్రాంతంలోనూ వరి కోసిన మాగాణిలో, నేలలో మిగిలిన తేమ మీద మినుమూ పెసరా వేస్తారు. మన కృష్ణా డెల్టాలో వరి కోతకి రెండు మూడు రోజుల ముందు చేలో మినుము చల్లే రైతుకి ఆ సేద్యం గురించి కొత్తగా చెప్పవలసిందేమీ లేదు. మధ్య బర్మా మెట్ట జిల్లాల్లో, మాగ్వే, సగైంగ్, మాండలే ప్రాంతాల్లో, కంది పండుతుంది. మన వర్తకులు ఆ కందిని "లెమన్" అంటారు. చెన్నైలోనూ బొంబాయిలోనూ లెమన్ ధర ఎంత అన్నది రోజూ చూసుకుంటారు. ఆ లెమన్ పండించినవాడి పేరు తెలియవలసిన అవసరం వాళ్ళకి రాదు. మన హోటళ్ళలో ఇడ్లీకి రుబ్బే మినప్పప్పులో బర్మా గింజ ఎంత ఉందో తినేవాళ్ళకీ తెలియదు.

బర్మావాళ్ళు పప్పులు తినరని కాదు. ఉడికించిన బఠాణీ వాళ్ళ పొద్దుటి ఫలహారం. శనగపిండితో రకరకాలు చేసుకుంటారు. కందీ మినుమూ మాత్రం వాళ్ళ వంటింట్లో పెద్దగా లేవు. అవి అమ్మటానికి వేసే పంటలు. కొనేది ఒకే ఒక దేశం. ఆ దేశం 2017 ఆగస్టులో ఒక కాగితం మీద హద్దు గీసింది.

ఆ కాగితం వచ్చిన రోజుకి మధ్య బర్మాలో కంది చేలో ఉంది. తొలకరికి వేసిన పంట, డిసెంబరు తర్వాత గానీ కోతకి రాదు. విత్తనం పెట్టుబడి, కూలి, అప్పటికే నేలలో కలిసిపోయాయి. చేను దున్నేసి వేరే పంట వేసుకునే అదను దాటిపోయింది. ఎదిగే పంటని చూస్తూ పడిపోయే ధర వింటూ నాలుగు నెలలు ఎదురుచూడవలసి వచ్చింది. మినుము రైతుకి నవంబరు దాకా కొంత వ్యవధి ఉంది. అయితే నీటి వసతి లేని మాగాణిలో ఆ తేమ మీద వచ్చే పంటలు ఎన్ని? పెసర ఒకటి ఉంది. పెసలు చైనా కూడా కొంటుంది గనక వాటి ధర కందిలా కూలిపోలేదు. ఒకే దేశం, ఒకే సంవత్సరం, ఒకే ఉత్తర్వు. రెండో కొనుగోలుదారు ఉన్న గింజ నిలదొక్కుకుంది, లేని గింజ పడిపోయింది. ఆంక్షల ఆర్థికశాస్త్రమంతా ఈ తేడాలో ఉందని నాకనిపిస్తుంది.

ఇక్కడ ఒక సందేహం రావచ్చు. పూర్తిగా ఆపలేదు కదా, 2 లక్షల టన్నులు రానిచ్చారు కదా, మరి ధర అంతగా ఎందుకు పడాలి? 2016-17లో మనం తెచ్చుకున్న కందులు సుమారు 7 లక్షల టన్నులు. ఆ ఏడు లక్షలకి అలవాటుపడిన చేలన్నీ ఇప్పుడు రెండు లక్షల సందులోంచి దూరాలి. ఎవరి సరుకు ముందు దూరుతుంది? ఎవరు తక్కువకి ఇస్తే వాడిది. మిగిలినదానికి వేరే గిరాకీ లేదు గనక దాని ధరే మొత్తం సరుకు ధరని నిర్ణయిస్తుంది. పరిమాణం తగ్గిన మేరకే ధర తగ్గి ఊరుకోదు.

రెండో సంగతి ఇంకా ముఖ్యం. ఉదాహరణకి, అవతలి రేవులో కిలో కందులు 30 రూపాయలు, ఇవతలి రేవులో 50 రూపాయలు అనుకుందాం. మధ్యనున్న 20 రూపాయలు ఎవరివి? సుంకం వేస్తే అది ఖజానాకి చేరుతుంది. కోటా పెడితే ఆ 20 రూపాయలు కోటా కాగితం ఎవరి చేతిలో ఉంటే వాడివి. మన ప్రభుత్వం తర్వాతి సంవత్సరాల్లో ఆ కాగితాన్ని పప్పు మిల్లుల యజమానులకి పంచింది. తాండూరు రైతుకీ మాగ్వే రైతుకీ అందులో పైసా లేదు. మన రైతుని కాపాడే పేరుతో అవతలి రైతు ధరని కోసి, ఆ కోసిన ముక్కని ఇక్కడి మిల్లు యజమాని చేతిలో పెట్టటం కోటా పద్ధతిలోనే ఉంది. అది చాలనట్టు కొందరు దిగుమతిదారులు హైకోర్టుల నుంచి స్టే ఉత్తర్వులు తెచ్చుకుని హద్దుకి మించి కూడా సరుకు దించారు. ఆంక్ష అందరికీ ఒకటే అనుకునేవాళ్ళు ఈ విషయం మరిచిపోకూడదు.

*

తూర్పు ఆఫ్రికాలో కథ మరో విధంగా నడిచింది. మొజాంబిక్ ఉత్తరాన జాంబేజియా, నంపులా రాష్ట్రాల్లో కందిని చిన్న రైతులు పండిస్తారు. మలావీ దక్షిణ భాగంలో మొక్కజొన్న సాళ్ళ మధ్య అంతరపంటగా వేస్తారు. మొక్కజొన్న తిండికి, కంది చేతిఖర్చుకి. అక్కడ కంది కోతలు మన వానాకాలంలో జరుగుతాయి. ఇక్కడి కొత్త పంట రాకముందు ఖాళీ నెలల్లో ఆ సరుకు మన రేవులకి చేరుతుంది. వాళ్ళకి మన మార్కెట్లో చోటు దొరికింది అందుకే. 2017 ఆగస్టు 5 సరిగ్గా వాళ్ళ కోతల కాలం. బర్మా రైతుకి ఎదురుచూసే నాలుగు నెలలైనా ఉన్నాయి. వీళ్ళు బస్తా కుట్టే వేళకి కొనేవాడు మొహం చాటేశాడు.

మొజాంబిక్‌కి ఒప్పందం ఉంది గనక కోటా నుంచి మినహాయింపు దొరికింది. అయినా ధర నిలబడలేదు. ఒప్పందం హామీ ఇచ్చింది టన్నులకే, ధరకి కాదు. రెండు ప్రభుత్వాలు సంతకం చేసినా పల్లెల్లో తిరిగి కొనేది ప్రైవేటు వర్తకుడే. పక్క దేశాల్లో సరుకు పారబోసినట్టు పడి ఉంటే ఇక్కడ అతను ఎక్కువ ఎందుకిస్తాడు? టాంజానియా, మలావీలకి ఒప్పందమూ లేదు. కెన్యాలో మాత్రం కొంత వేరు. మచకోస్ వైపు జనం కందిని పచ్చికాయలుగానూ ఎండుగింజగానూ తామే వండుకు తింటారు. తమ పంటని తాము తినే అలవాటు ఉన్నచోట దెబ్బ కొంత మెత్తబడింది. వలస పాలన కాలం నుంచి ఆఫ్రికా దేశాల మీద రుద్దిన సూత్రం దీనికి తలకిందులు: నువ్వు తిననిది పండించు, వేరేవాడు కొంటాడు, ఆ డబ్బుతో నీ తిండి కొనుక్కో. పత్తి విషయంలో, జీడిపప్పు విషయంలో మొజాంబిక్ రైతుకి అది ముందే తెలుసు. కంది విషయంలో సూత్రం చెప్పింది తెల్లదొర కాదు, మనమే.

కెనడా సంగతి వేగంగా చెప్పుకోవచ్చు. సస్కాచవాన్ రాష్ట్రపు బఠాణీ, మసూరు రైతులకి కూడా దెబ్బ తగిలింది. నవంబరు సుంకం ముందస్తు కబురు లేకుండా వచ్చింది. అయితే ఆ రైతుకి వేల ఎకరాల సేద్యం, పొలంలోనే ఉక్కు గాదెలు, పంట బీమా ఉన్నాయి. ధర లేకపోతే గాదెలో పోసి ఆగగలడు. మరుసటి ఏడు గోధుమో కనోలానో వేసుకోగలడు. బఠాణీకి చైనా కొత్త బేరం అయింది. వాళ్ళ ప్రభుత్వం జెనీవాలో మన ఆంక్షల్ని నిలదీసింది; 2019 ఫిబ్రవరిలో అమెరికాతో కలిసి మన పప్పుధాన్యాల మద్దతు ధరల మీదే ఎదురు లెక్క దాఖలు చేసింది. అవతలి రైతు అనగానే జాలిపడే ముందు, ఆ మాటలో ఎవరెవరున్నారో విడదీసుకోవాలి. మన రైతు మద్దతు ధరని పడగొట్టటానికి జెనీవాకి వెళ్ళేవాడూ, కుట్టిన బస్తా ముందు కూర్చున్నవాడూ ఒకరు కారు. కెనడా రైతుకైనా రెండో బేరం శాశ్వతం కాలేదు: 2025 మార్చిలో చైనా అతని బఠాణీ మీద నూరు శాతం సుంకం వేసింది.

*

ఇదంతా చెప్పి దిగుమతులు విచ్చలవిడిగా వదిలెయ్యమంటారా అని మిత్రులు అడగవచ్చు. అలా అనటం లేదు. విత్తనం వెయ్యకముందు తెలిసే సుంకం ఒకటి, పంట చేలో ఉండగా వచ్చే ఉత్తర్వు మరొకటి. మొదటిది ఇక్కడి రైతుకీ లెక్క అందిస్తుంది, అక్కడి రైతుకీ అందిస్తుంది. రెండోది ఇద్దరికీ అందించదు, సరుకు నిలవచెయ్యగలవాడికి తప్ప. మన ప్రభుత్వాలు వాడుతున్నది రెండోదే. పట్నంలో ధర పెరిగితే తలుపు తీయటం, యార్డులో ధర కూలాక మూయటం. 2021 మే 15న కంది, మినుము, పెసర దిగుమతిని మళ్ళీ స్వేచ్ఛగా వదిలారు. ఆ జూన్‌లో బర్మాతోనూ మలావీతోనూ టన్నుల ఒప్పందాలు రాసుకున్నారు. ఎండు బఠాణీ మీద సుంకాన్ని 2023 డిసెంబరులో, పార్లమెంటు ఎన్నికల ముందు, పూర్తిగా తీసేశారు. ఆ బఠాణీ శనగపిండిలో కలిసి శనగ రైతుని దెబ్బతీస్తోందన్న గోల ఎంత లేచినా దాదాపు రెండేళ్ళు ఆగి 2025 నవంబరు 1 నుంచి 30 శాతం వేశారు. ఇది రక్షణ విధానం కాదు, కుళాయి తిప్పటం.

మన రైతూ బర్మా రైతూ పోటీదారులే కదా అన్నది మరో అభ్యంతరం. ఒకే యార్డులో రెండు గింజలూ పక్కపక్కన ఉన్నప్పుడు పోటీదారులే. అయినా లెక్క తీసి చూడండి. 2015 అక్టోబరులో కందిపప్పు 200 రూపాయలైనప్పుడు ఇద్దరి ఇళ్ళలోనూ గింజ లేదు. ధర కూలిన నెలల్లో ఇద్దరి కళ్ళాల్లోనూ గింజ ఉంది.

2021లో తలుపు తెరిచేసరికి బర్మాలో చాలామంది కంది మానేసి వేరే పంటలకి మళ్ళారు. ఆ ఫిబ్రవరిలోనే సైన్యం మళ్ళీ అధికారం చేజిక్కించుకుంది. మన బేరం తిరిగొచ్చింది, ధరలూ లేచాయి. 2022 ఏప్రిల్లో సైనిక ప్రభుత్వం ఎగుమతి డాలర్లని అధికారిక రేటుకే తమ నాణెంలోకి మార్చాలని నియమం పెట్టింది. ఆగస్టులో ఆ రేటు డాలరుకి 2,100 క్యాట్లు చేసింది. బయటి బజారులో డాలరు అంతకంటే చాలా ఎక్కువ పలుకుతోంది. ఎగుమతి వర్తకుడు తన నష్టాన్ని రైతుకిచ్చే ధరలోంచి కోసుకున్నాడు. 2023లో ఇక్కడ కందిపప్పు ధర మళ్ళీ ఎక్కింది. ఆ ఏడాది చివర మొజాంబిక్‌లోని నకాలా రేవులో, ఎగుమతి ఎవరు చెయ్యాలన్న వర్తకుల తగాదాలో, మన దేశానికి రావలసిన కందులు గోదాముల్లో ఇరుక్కుపోయాయి. వాటిని పండించినవాళ్ళు తమ గింజని కోతల నాటి ధరకి అప్పటికే అమ్మేసుకున్నారు.